గౌరి కళ్ళ రంగు

కాశీబుగ్గ దగ్గరపడుతుంటే బస్సు కిటికీలోంచి జీడిగింజలు కాల్చే వాసన వస్తుంది. గొంతులో సన్నగా మంట పుట్టించే ఆ పొగకి కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. మొన్న పిన్ని పదోరోజుకి వెళుతూ నేను మాత్రం కిటికీ తెరిచే ఉంచాను.

మా ఊరు వజ్రపుకొత్తూరు వైపు, కొబ్బరితోటల మధ్య. తొంభైల చివర్లో, మధ్యాహ్నం అన్నాలయ్యాక, మా అరుగు మీద ఆరేడుగురు ఆడవాళ్ళు చేటలు ముందేసుకుని పలాస నుంచి వచ్చిన జీడిపప్పుకి తొక్క తీసి, తెల్లది ఒక పక్కకి, మాడింది ఒక పక్కకి, బద్ద ఇంకో పక్కకి ఏరేవారు. వాళ్ళ వేళ్ళు జీడిసొనకి నల్లబడి పగిలి ఉండేవి. రంగులో ఏ కాస్త తేడా ఉన్నా వాళ్ళ కళ్ళకి దొరికిపోయేది. బస్తాలో వేరే సరుకు కలిసిందని మేస్త్రీ కన్నా ముందు వాళ్ళే పట్టేసేవారు. పిల్లల్నీ అలాగే చూసేవారు. ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి అని విడదీసి, ఎవరి వాటా వాళ్ళకి పంచేవారు.

చిన్నాన్నకి పెళ్ళయిన ఐదేళ్ళకి గౌరి పుట్టింది. చిన్నాన్నవి, పిన్నివి నల్లటి కళ్ళు. గౌరివి బూడిద కలిసిన ఆకుపచ్చ. పసికళ్ళు కదా, ముదిరితే నల్లబడతాయని నాయనమ్మ అనేది. నెలలు గడిచాయి గాని అవి నల్లబడలేదు. పిన్ని రోజూ పొద్దున్నే ఆ కళ్ళ చుట్టూ కాటుక దట్టంగా దిద్ది, బిడ్డతో గుమ్మం దాటితే ముఖం మీద కొంగు కప్పేది. ఎండ తగలకూడదని కాబోలు అనుకునేదాన్ని. అప్పుడు నేను పదో తరగతి.

ఏడో నెలలో, కార్తీకంలో ఒక ఆదివారం, అన్నప్రాశన చేశారు. పరమాన్నం వాసన, తడిసిన మామిడాకుల వాసన, చాప మీద పలక, పువ్వులు, కొడవలి. కాటుక చెరిగి గౌరి ఏడుస్తుంటే పక్కింటి అప్పలమ్మ ఎత్తుకుని వెలుతురులోకి తిప్పింది.

“ఓలమ్మా, పిల్లికళ్ళేనే ఇయి! ఇంకేటి నల్లబడతాయి?” అంది. ఆ వెంటనే, “ఈ బస్తాలో పప్పు కాదులే ఇది,” అని నవ్వింది. అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వబోయి ఆగిపోయింది.

నాయనమ్మకి కోపం వచ్చింది. కోడలిని కాపాడుకోవాలనే ఆమె నన్ను ముందుకి లాగింది. “మా గుంట సదూతన్నాది కదా, అదే సెప్తాది. ఓలే, మీ పుస్తకంలో ఏటుందే?”

ఆ ముందురోజే, శనివారం, సైన్సు మాస్టారు బఠానీమొక్కల పాఠం మొదలుపెట్టారు. పొడుగుమొక్కనీ పొట్టిమొక్కనీ కలిపితే అన్నీ పొడుగువే వచ్చాయని చెబుతుండగా గంట కొట్టారు. నాకు తెలిసింది అంతే. అరుగు మూలనున్న చేటలోంచి తొక్క తీయని ఎర్రపప్పులు రెండు తెచ్చి చాప మీద పక్కపక్కన పెట్టి, వాటి కింద మరో ఎర్రపప్పు పెట్టి, మాస్టారిలా గొంతు సవరించుకుని చెప్పాను: “అమ్మా నాన్నలివి నల్లకళ్ళయితే బిడ్డకీ నల్లకళ్ళే. ఇంకోటి రాదు.”

మెచ్చుకుంటారని చూశాను. స్తంభానికి ఆనుకుని అంతా విన్న చిన్నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. మూడు రోజులు పిన్నితో మాట్లాడలేదు. బుధవారం పొద్దున పిన్ని నాకు ఎప్పటిలాగే రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, నేను బడికి వెళ్ళాక బిడ్డను తీసుకుని నౌపడలో పుట్టింటికి వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ రోజే మాస్టారు మిగతా పాఠం చెప్పారు. ఆ పొడుగుమొక్కల విత్తనాలే మళ్ళీ నాటితే వాటిలో పొట్టివి కూడా వచ్చాయట. కనిపించని గుణం ఒక తరం దాగి, తల్లిలోనూ తండ్రిలోనూ ఉంటే బిడ్డలో బయటపడగలదట. బడి నుంచి పరుగెత్తాను. చిన్నాన్న తోటలో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు.

“సిన్నాన్నా, నల్లకళ్ళోల్లకి కూడా పిల్లికళ్ళ బిడ్డ పుడతాదంట. లోపల దాగుంటాదంట. మాట్టారు సెప్పినారు.”

“ఆయేల సెప్పింది కూడా నువ్వే కదే?”

“అప్పుడు సగమే సెప్పినారు.”

“రేపు ఇంకోటి సెప్తే?” అని ఇంకో కాయ గునపానికి గుచ్చాడు.

ఎనిమిది నెలల తరవాత మా నాన్న నౌపడ వెళ్ళి వాళ్ళని తీసుకొచ్చాడు. చిన్నాన్న వద్దనలేదు. గౌరికి బట్టలు కొన్నాడు, బడిలో వేశాడు, జ్వరమొస్తే టెక్కలి తీసుకెళ్ళాడు. ఒళ్ళో మాత్రం కూర్చోబెట్టుకోలేదు. ఆమెతో మాట్లాడేటప్పుడు గోడ వైపు చూసేవాడు. తరవాత, పెద్ద చదువులో, కళ్ళ రంగు బఠానీమొక్కల లెక్కకి కూడా లొంగదని, చాలా జన్యువులు కలిసి తేల్చే విషయమని తెలుసుకున్నాను. అది చెప్పేనాటికి చిన్నాన్నకి మా ఉద్దానం జబ్బు వచ్చింది, కిడ్నీలు పాడయ్యాయి. డాక్టరు నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు. ఎనిమిదేళ్ళ గౌరి గ్లాసు పట్టుకుని మంచం దగ్గర నిలబడితే చేయి చాచి అందుకునేవాడు, తల ఎత్తేవాడు కాదు. నేను చెప్పింది విని, “సర్లే అమ్మా,” అన్నాడు. ఆ వేసవిలోనే పోయాడు.

మొన్న పదోరోజు పనులయ్యాక, పెరట్లో గిన్నెలు తోముతూ గౌరి అడిగింది. “అక్కా, నాన్న నన్నొక్కపాలి కూడా తిన్నగా సూడలేదు. నానేటి సేసినాను?”

ఉన్నదంతా చెప్పాను. చాప మీద పప్పులు పెట్టిన సంగతితో సహా. ఆమె చేతిలో గిన్నె కడిగి పక్కన బోర్లించింది.

“అమ్మ ఎప్పుడూ సెప్పలేదు,” అంది. “నీలాగ సదుకోమనేది.”

తల ఎత్తి నా వైపు చూసింది. చిన్నాన్న లేడు, నాయనమ్మ లేదు, ఇప్పుడు పిన్ని లేదు. ఆ కళ్ళ పక్కన పెట్టి పోల్చడానికి ఆ ఇంట్లో ఇక వాళ్ళెవరి కళ్ళూ లేవు.