ముల్లు కదిలిన పూట

మా ఆయన పేరు ఇమ్మానుయేల్. బత్తలపల్లె చుట్టుపక్కల ‘ప్రెషరు ఇమ్మానుయేలు’ అంటే గానీ ఎవరికీ తెలియదు. ఆ పేరు విన్నప్పుడు మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం ఎవరో సన్మానం చేసినట్టు మురిసిపోయేవాడు.

పదో తరగతి తప్పాడు. కరువుకు ఊళ్ళో పని దొరకక, గోదావరి వైపు చమురు బావులు తవ్వే రిగ్గు మీదికి మూటలు మోయడానికి పోయాడు. ఆ మూటల్లో ఉన్నది మన కడప ముగ్గురాయి పొడే. ముగ్గేసుకునే రాయితో బావిలో ఏం పని అని నేను నవ్వితే, కూర్చోబెట్టి చెప్పాడు. భూమి అడుగున గ్యాసు పైకి తోసుకొస్తుంటుంది. ఆ పొడి కలిపిన బరువైన బురద బావి నిండా నిలబెడితే అది గ్యాసును అణచి పెడుతుంది. బురద పలచనైతే గ్యాసు ఎగదన్ని మనుషుల్ని కాల్చేస్తుంది. మరీ బరువైతే అడుగున రాయి పగిలి బురదంతా అందులోకి పోతుంది. ఎంత లోతుకు ఎంత బరువు కావాలో పూటపూటా లెక్క కట్టాలి. మూటలు మోస్తూనే ఆయన ఆ లెక్క నేర్చుకున్నాడు. తర్వాత ఆ పనే ఇచ్చారు.

సెలవుకొచ్చినప్పుడు నేను పోపు పెడుతుంటే వెనకాల నిలబడి, “నీళ్ళయితే సులభం మే. పది మీటర్ల నీళ్ళు నిలబడితే అడుగున కేజీ ప్రెషరు” అనేవాడు. పోపు మాడుతోందని కసిరితే గరిట తీసుకుని తనే కలిపేవాడు. ఇలాంటి మనిషితో ఎవరైనా ఎలా పోట్లాడతారు?

నడుము పోయి ఇంటికి వచ్చేశాక, చేతికొచ్చిన డబ్బుతో మా చేన్లో లోతుగా బోరు వేశాం. “ఆడ పైకి రావద్దని అణచినా. ఈడ రమ్మని అడుక్కుంటాండా” అని నవ్వేవాడు.

ఊరి రైతులకు ఆయన చేసేది చిన్న పనే. బోరులో మోటారు దాకా సన్న పైపు దించుతాడు. పై కొసకు ముల్లున్న మీటరు బిగించి సైకిలు పంపుతో గాలి కొడతాడు. పైపులో నీళ్ళన్నీ బయటికి పోయాక ముల్లు ఇక పెరగదు. అది మూడు కేజీల దగ్గర ఆగితే మోటారు మీద ముప్పై మీటర్ల నీళ్ళున్నట్టు. నీళ్ళు తగ్గి మోటారు కాలిపోకముందే తెలుస్తుందని అందరూ పిలుస్తారు.

పోయిన ఎండాకాలం లక్ష్మీదేవమ్మ పిలిచింది. మా చేను పక్కనే ఆమె చీనీ తోట, అదే బత్తాయి. వాళ్ళది పెద్ద రైతు కుటుంబం, కొడుకు మండలంలో రాజకీయం నడుపుతాడు. ఆ చీనీ చెట్లు మొక్కలుగా ఉన్నప్పుడు కుండలతో నీళ్ళు మోసింది మా అమ్మ. దాహమేస్తే ఆమెను ఆ ఇంటి చెంబు ముట్టనిచ్చేవాళ్ళు కాదు. అప్పటికి లక్ష్మీదేవమ్మ బోరు ఆగి ఆగి పోస్తోంది, చెట్లు ఆకు రాలుస్తున్నాయి.

మధ్యాహ్నానికి ఈయన తిరిగొచ్చి, కంచం ముందు ఊరికే కూర్చున్నాడు.

“ఏమయిందయ్యా?”

“ఆయమ్మ మోటారు ఆపే ఉండాది. గాలి కొట్టినాక ముల్లు నిలబడింది. నేను చూస్తాండంగానే మళ్ళా దిగిపోయింది.”

“పైపు యాడన్నా కారుతాండాదేమో.”

“అంతా చూసినా మే, అది కాదు. అప్పుడే చేన్లకు కరెంటు వచ్చింది. మన మోటారు ఎత్తుకున్నాది.”

మాది ఆటో స్టార్టరు. కరెంటు రాగానే దానంతటదే తిరుగుతుంది. అది తిరిగితే ఆమె బోరులో నీళ్ళు దిగాయంటే, మా లోతు బోరు ఆమె నీళ్ళను గుంజుతోందన్నమాట.

“ఆయమ్మకు చెప్పినావా?”

“లేదు. ముందు నీకు చెబుదామని వచ్చినా.”

నాకు భయమూ కోపమూ కలిసి వచ్చాయి. ఆమె కొడుకు ఒక్క ఫోను కొడితే, పక్కపక్కన బోర్లేమిటని అధికారులెవరో వచ్చి మా మోటారు పైకి లాగేస్తారు. మాకేమో టమాటా కాయ మీదుంది.

“ఎవురికీ తెలీదు గదా, నోరు మూసుకోని తిను” అన్నాను. “మా అమ్మను వాళ్ళు ఎట్ల చూసినారో మర్చిపోయినావా?”

“మర్చిపోలేదు. అదంతా నిజమే. కానీ ముల్లు దిగింది నేను చూసినా గదా. రిగ్గు మీద ముల్లు చూసినోడు గమ్మునుంటే పక్కనోళ్ళు సస్తారు.”

“ఈడెవరూ సావరులే.”

“చెట్లు సస్తాండాయి మే.”

తెల్లారి మా స్టార్టరుకు ఆటో తీసేసి, నన్ను దాని దగ్గర నిలబెట్టాడు. “ఫోన్లో వేయమంటే వేయి. ఆయమ్మ కండ్లారా చూడాల” అని చెప్పి తోటలోకి పోయాడు.

ఫోన్లో లక్ష్మీదేవమ్మ గొంతు వినబడుతోంది. “ఏమప్పా ఇమ్మానుయేలూ, మీ బోరు నా నీళ్ళు తాగుతాందని నువ్వే వచ్చి చెప్తాండావే?”

“చూడుమ్మా, నీకే తెలుస్తాది” అని, నాతో “వేయి మే” అన్నాడు.

నా వేలు పచ్చ బటన్ మీద ఉంది. మధ్యలో గట్టు, నేనేం చేస్తున్నానో అక్కడికి కనబడదు. నేను నొక్కకపోతే ముల్లు కదలదు. బోరు మాకు మిగులుతుంది.

“వేసినావా?” మళ్ళీ అడిగాడు. గొంతులో విసుగు లేదు.

ముల్లు కదలకపోతే ఈ పిచ్చిమనిషి నన్ను అనుమానించడు, తన లెక్కే తప్పనుకుంటాడు. బతికినన్నాళ్ళూ అలాగే అనుకుంటాడు. నొక్కాను.

మా పైపు నీళ్ళు పోయడం మొదలుపెట్టింది.

“దిగుతాండాది” అంది లక్ష్మీదేవమ్మ మెల్లగా. తర్వాత ఫోను తీసుకుంది. “సువార్తా, మీది టమాటా కాయ మీదుండాది గదా?”

“అవునమ్మా.”

“ఈ వారం మీరే పెట్టుకోండి. చీనీ చెట్టు ఓర్చుకుంటాది, టమాటా ఓర్చుకోదు. ఆమీట దినం మీరు, దినం మేము. మా వానికి నేను చెప్పుకుంటా.”

ఆమె కోసం ఎన్ని మాటలు దాచుకున్నానో, “సరేనమ్మా” అని మాత్రం అన్నాను.

ఈయన గట్టు దిగి నవ్వుకుంటూ వచ్చాడు. నాకు ఉడుకెత్తింది. “నేను వేయకపోయింటే ఏం చేసేటోనివి?”

“చేను నీ పేరున ఉండాది. చూసింది చెప్పేదే నా పని, నీళ్ళిచ్చేది నీ ఇష్టం. అందుకే గదా నిన్ను ఈడ నిలబెట్టింది.”

“అది సరే. వేయకపోయింటే?”

“వేయలేదని తెలుస్తాది గదా నాకు” అన్నాడు సైకిలు పంపుకు గొట్టం చుట్టుకుంటూ. “నా లెక్క తప్పిందమ్మా అని ఆయమ్మకు చెప్పి వచ్చేటోన్ని.”

ఆ ముక్క తన నోటితో అనడం ఆయనకు ప్రాణం పోయేంత పని. నా కోసం అనేవాడు. నేను స్టార్టరు పెట్టె పట్టుకుని, చేలో కూలివాళ్ళు చూస్తున్నా సరే, ఏడ్చేశాను.