పన్నెండో స్థలం

నా చిన్నప్పుడు మా ఊరి గుడి గంట ఏడాదిలో రెండు రోజులు నోరు మూసుకునేది. పవిత్ర గురువారం పూజలో ఒకసారి గట్టిగా మోగిందంటే, మళ్లీ శనివారం పూజలోనే దాని గొంతు వినేవాళ్లం. ఏసుస్వామి శ్రమలకు గంట కూడా దుఃఖం పాటించాలని పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ రెండు రోజులూ గంటకు బదులు చెక్క మోగేది. పిడి ఉన్న పలకకు చిన్న చెక్క సుత్తి బిగించి ఉండేది, ఊపితే టకటకమనేది. అది మోగితే మోకరించాలి, మళ్లీ మోగితే లేవాలి. నడక నేర్చిన పిల్లల నుంచి నడుము వంగిన ముసలమ్మల దాకా మా వాళ్లందరికీ అది ఒంటికి పట్టిన అలవాటు.

మా ఊరు పాలకుర్తికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. ఫాదర్‌గారు ఇటలీ మనిషి. శుక్రవారం పొద్దున ఆరాధన ముగించి సైకిలెక్కి పక్క ఊరికి వెళ్లిపోయేవారు. మధ్యాహ్నం సిలువ మార్గం నడిపించేది, అంటే ఏసుస్వామి శ్రమల్లోని పద్నాలుగు ఘట్టాలకు ఒక్కో స్థలం దగ్గర ఆగి జపం చెప్పించేది, ఊరంతా తాతయ్య అని పిలిచే మా ఉపదేశే. గుడి తాళాలు, పిల్లలకు జపాలు నేర్పడం, చావుకీ పెళ్లికీ ముందు నిలబడటం అన్నీ ఆయనవే. జపంలో ఒక్క మాట మింగినా మళ్లీ మొదటినుంచి చెప్పించేవాడు. పిల్లలకు ఆయనంటే హడల్. నాకైతే ఆయన దగ్గు వినిపిస్తే చాలు, రాని జపం కూడా వచ్చేసేది.

ఆ ఏడు మా బాపు ఇంట్లో ఉండటం లేదు. దొరకు వెట్టి చెయ్యనని ఎదురుతిరిగి, దొరల మీద పోరాడే సంఘంలో కలిశాడు. దొరికితే కాల్చేస్తారని ఊళ్లో అందరూ గుసగుసలాడేవారు. గుట్టల్లో ఎక్కడ పడుకునేవాడో, ఏం తినేవాడో అమ్మకు కూడా తెలియదు. అలాంటి మనిషి, సిలువ మార్గం ఏ ఏడూ తప్పలేదని ఆ మధ్యాహ్నం గుడికి వచ్చి మగవాళ్ల మధ్య కూర్చున్నాడు. అమ్మ ముఖం చూస్తే సంతోషమో భయమో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

సంఘం వాళ్లను వెతుకుతూ దొర తరఫున తుపాకుల వాళ్లు వస్తే గుడి గంట కొట్టాలని ఊరు ఎప్పుడో అనుకుంది. ఒకటి రెండు సార్లు కొట్టారు కూడా, మగవాళ్లు పొలాలకు అడ్డంపడి తప్పించుకున్నారు. అయితే గంట మూగబోయే రెండు రోజుల్లో ఏం చెయ్యాలన్నది ఎవరికీ తట్టలేదు. అంతమంది పెద్దమనుషులు రచ్చకట్ట మీద కూర్చుని గంటలకొద్దీ మాట్లాడారు గదా, ఒక్కరికంటే ఒక్కరికి తట్టలేదు. ఇప్పటికీ తలచుకుంటే నాకు కోపమే వస్తుంది.

నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. తమ్ముడు ఏడుస్తున్నాడని అమ్మ నన్ను వాడితో సహా గుడి గుమ్మం బయట కూర్చోబెట్టింది. లోపల ఆరో స్థలం జపం నడుస్తోంది. పాలకుర్తి దారిలో దుమ్ము లేచింది. ముందు గాలి అనుకున్నాను. తరవాత లారీ కనపడింది.

తమ్ముణ్ని అరుగు మీద వదిలేసి గంట దగ్గరికి ఉరికాను. తాడు లేదు. పిల్లలు పొరపాటున లాగుతారని తాతయ్య దాన్ని పైకి చుట్టి దూలానికి కట్టేశాడు. ఎగిరినా అందలేదు. ఏం చెయ్యాలో తోచక గుమ్మం పక్కన పెట్టిన చెక్క అందుకుని, లోపలికి దూకి, చేతులు పడిపోయేలా ఊపాను.

గుడి గుడంతా మోకరించింది.

నేను ఇంకా ఊపాను. వాళ్లు తలలు ఇంకా కిందికి వంచారు. అందరితో పాటు మా బాపు కూడా. నోట మాట రావడం లేదు, కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. నా చేతులతో నేనే మా బాపును కదలకుండా కట్టేశానని అనిపించింది. ఆ క్షణం నాకు కలిగిన భయం మళ్లీ ఏనాడూ కలగలేదు.

గుమ్మం వైపు ముఖం పెట్టి ఉన్నది తాతయ్య ఒక్కడే. నా ముఖం చూశాడు, నా తల మీదుగా దుమ్ము చూశాడు. అరవలేదు. నెమ్మదిగా నడిచి వచ్చి నా చేతిలోని చెక్క తీసుకుని ఒకసారి ఊపాడు. అందరూ లేచారు.

"ఏడో స్థలానికి పోదాం. ఆడోళ్ళు, పిల్లలు ముందు నడువుండ్రి. మొగోళ్ళు ఎనుక." రోజూ జపం చెప్పే గొంతే అది.

ఎప్పుడూ మగవాళ్లే ముందు నడిచేవారు. అందుకే ఆ మాట వినగానే తుపాకుల వాళ్లు వచ్చారని అందరికీ అర్థమైంది. మా ఊళ్లో మొదటి ఆరు స్థలాలు గుడి గోడల మీద ఉండేవి. మిగతావి బయట, వాగు దాకా నాటిన చిన్న చిన్న సిలువల దగ్గర జరిగేవి. మేం పాడుకుంటూ బయటికి వచ్చేసరికి లారీ ఆగింది. ఆరుగురు దిగారు. వాళ్ల పెద్ద అడ్డం నిలబడి ఒక్కొక్కరి ముఖం చూడాలన్నాడు.

"చూడు సర్కార్, ఎవ్వలు కాదన్నరు," అన్నాడు తాతయ్య. "గని ఇయ్యాల ఏసుసామి సచ్చిన దినం. నడుమల ఆపరాదు. జపం అయినంక చూస్కో."

వందమందికి పైగా జనం, పైగా తెల్ల ఫాదర్‌కు హైదరాబాదులో పలుకుబడి ఉందని దొర గడీలో కూడా అనుకునేవారు. ఆ పెద్ద ఒప్పుకుని మా పక్కనే నడిచాడు. పన్నెండో స్థలం వాగు లోపల, ఇసుకలో. ఎండ మండిపోతోంది. వాళ్లు కిందికి దిగలేదు, గట్టు మీద వేపచెట్టు నీడలో నిలబడి బీడీలు ముట్టించారు.

ఏసుస్వామి ప్రాణం విడిచిన స్థలం అది. అక్కడ నుదురు నేలకు ఆనించి మౌనంగా ఉండాలి. ఎప్పుడూ అయిదు పరలోక జపాలంత సేపు. ఆ రోజు అయిదు అయ్యాయి, పది అయ్యాయి, చెక్క మోగలేదు. ఇసుక మోకాళ్లను కాల్చేస్తోంది. నేను తల కొంచెం పక్కకు తిప్పి చూశాను. వెనక వరసలో మా బాపు పొట్ట మీద పాకుతూ వావిలి పొదల్లోకి వెళ్తున్నాడు. ముందు తల, తరవాత నడుము, చివరికి పగిలిన మడమలు రెండూ పొదలో మునిగిపోయాయి. అప్పటికీ తాతయ్య చెక్క ఊపలేదు. ఏ పసిబిడ్డా ఏడవలేదు, ఎవరూ కదల్లేదు. అమ్మ అరుగు మీంచి ఎత్తుకొచ్చిన మా తమ్ముడు కూడా ఆమె ఒళ్లో నోరు మూసుకున్నాడు, అదే వింత.

చెక్క మోగింది. అందరం లేచాం, ఒక్క మా బాపు తప్ప.

మిగతా రెండు స్థలాలూ ఒక్క మాట తగ్గకుండా చెప్పించాడు తాతయ్య. తరవాత వాళ్లు మగవాళ్లను వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి గడ్డం పట్టి చూశారు. ఇళ్లు వెతికారు, రెండు కుండలు పగలగొట్టారు, ఎవరివో కోళ్లు పట్టుకుని లారీ ఎక్కారు. దుమ్ము సద్దుమణిగాక అమ్మ గుడి మెట్ల మీద కూలబడి పెద్దగా ఏడ్చింది. అది ఏడుపో నవ్వో అన్నట్టుగా ఉంది.

అయినా నా మనసులో ఒక ముల్లు మిగిలింది. తాతయ్య దగ్గరికి వెళ్లి, జపాన్ని అడ్డం పెట్టుకుని మోసం చేశాం గదా, పాపం గాదా అని అడిగాను. కొడతాడనే అనుకున్నాను. ఆయన నా మోకాళ్లకు అంటిన ఇసుక తుడిచాడు.

"మోసం ఏంది బిడ్డా? నేను ఉత్తగ వంగలె. మీ బాపు పానం కోసం నిజంగనే మొక్కిన. ఆడ ఉన్నోళ్ళందరు మొక్కిన్రు. జర పొడుగు మొక్కినం, గంతే."

చెక్కను మళ్లీ గుమ్మం పక్కన పెడుతూ అన్నాడు. "నువ్వు మమ్ముల మోకాళ్ళ మీద కూసోవెట్టకపోతె అందరు ఆగమాగమై ఉరికెటోళ్ళు, లారీకి ఎదురుంగ. మంచిగనే కొట్టినవ్."

ఆదివారం పండుగ పూజకు వచ్చిన పక్క ఊరి ఆమె అమ్మ చెవిలో ఏదో చెప్పింది. బాపు క్షేమంగా గుట్ట చేరాడట. శుక్రవారం నుంచి సరిగా ముద్ద దిగని అమ్మ, ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టుకుంది. పోరాటం ముగిశాక బాపు ఇంటికి వచ్చాడు, నా పెళ్లి కూడా చేశాడు.

ఇప్పుడు మా గుడిలో మైకు ఉంది, నేలకు నాపరాళ్లు ఉన్నాయి. పన్నెండో స్థలం దగ్గర అందరూ లేచినా నేను వెంటనే లేవను. మోకాళ్ల నొప్పులనుకుని మనవరాలు చెయ్యి అందిస్తుంది. జర ఆగు బిడ్డా అంటాను. ఈ లోకంలో ఏ పొదలోకి ఎవరు పాకుతున్నారో, వాళ్లకు ఇంకెంత సేపు కావాలో నాకేం తెలుసు.