కుట్టులో వెంట్రుక

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, నా పాత పచ్చ పట్టు జాకెట్టు వదులు చేసుకుందామని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఈ క్రిస్మస్‌కి ఆ చీరే కట్టాలని నా పట్టుదల. చీర ఎప్పటికీ సరిపోతుంది, మన సంగతి బయటపెట్టేది జాకెట్టే. చంక కింద కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే తెంపుతుంటే, గుడ్డకీ లైనింగుకీ మధ్య ఒక పొడుగాటి వెంట్రుక కనిపించింది. నల్లగా, నిగనిగలాడుతూ, కుట్టు పొడవునా తిన్నగా పరిచి ఉంది. రెండు చివరలా దారంతో చిన్న ముడి. కిటికీ వేసే ఉంది. అయినా రెండో ముడి తెంపగానే అది మెల్లగా లేచి నా మణికట్టు మీద వాలింది. సోఫాలో ఉన్న మా అమ్మాయి చూసి, "మమ్, దట్స్ సో గ్రాస్," అని అసహ్యంగా మొహం చిట్లించి మళ్ళీ ఫోన్లోకి తల దించుకుంది. అది వాళ్ళ పెద్దమ్మ వెంట్రుక అని చెబితే ఏడుస్తుందని ఊరుకున్నాను. తోడబుట్టిన అక్క కాదు, నేను అక్క అన్నాను కాబట్టి పిల్లకు పెద్దమ్మ అయింది. ఆమెను మట్టిలో పెట్టి ఇంకా ఏడాది నిండలేదు.

నేను లండన్ ఈస్ట్ హామ్‌లో కొత్తగా కాపురం పెట్టి, కేర్ హోమ్‌లో నర్సుగా చేస్తున్న రోజులవి. ఈ దేశంలో అన్నీ దొరికేవి గానీ ఒంటికి పట్టే జాకెట్టు కుట్టేవాళ్ళు దొరికేవాళ్ళు కాదు. మా గుంటూరులో వీధికో టైలరు, ప్రతివాడి మీదా మాకో ఫిర్యాదు. ఇక్కడికొచ్చాక వాళ్ళందరినీ ప్రార్థనలో తలుచుకునేదాన్ని. అలాంటప్పుడు చర్చిలో ఎవరో హారో మేడమ్ గురించి, అంటే హారో పేటలో ఉండే తెలుగావిడ గురించి చెప్పారు. లండన్ ఈ చివర నుంచి ఆ చివరకు ట్యూబ్‌లో పోయి, గుడ్డా, కొలతకని ఆది జాకెట్టూ ఇచ్చి వస్తే, కొన్నాళ్ళకు అచ్చం సినిమా వాళ్ళకు కుట్టినట్టు కుట్టి ఇచ్చేది. తానే కుడుతుందని ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆమె గోళ్ళ రంగు చూస్తే మాత్రం అవి సూది పట్టే చేతుల్లా ఉండేవి కావు.

చక్కటి ఇల్లు. ముందు గులాబీలు, లోపల లేత రంగు కార్పెట్. గేటు తీస్తుంటే పైగది నుంచి కుట్టుమిషను చప్పుడు వినిపించేది. బెల్ నొక్కగానే ఆగిపోయేది. ఒకసారి ఉండబట్టలేక, "పైన ఎవరండీ?" అన్నాను. "వాషింగ్ మెషీన్," అంది మేడమ్ నవ్వుతూ. బెల్ కొడితే భయపడి ఆగే వాషింగ్ మెషీన్‌ని నేను అంతకు ముందు చూడలేదు. ఆ మాటే మా ఆయనతో అంటే, "నీకెందుకే, జాకెట్టు బాగుందా లేదా?" అన్నాడు.

జాకెట్టు బాగుండడమే నన్ను మొదట భయపెట్టింది. నేనిచ్చిన ఆది జాకెట్టు పెళ్ళినాటిది. ఊరికే మెడ లోతు కోసం, చేతుల పొడవు కోసం ఇచ్చాను. పేషెంట్లను ఎత్తీ ఎత్తీ నా ఎడమ భుజం కాస్త కిందికి దిగింది, ఆ సంగతి అద్దం ముందు నిలబడితే తప్ప నాకే తెలియదు. ఈ పచ్చ జాకెట్టు తొడుక్కుని చూసుకుంటే, ఆ దిగిన భుజానికి తగ్గట్టే కుట్టి ఉంది. ఎక్కడా ముడత లేదు. మేడమ్ నా మీద టేపు పెట్టి ఎరుగదు. ఆ ఇంట్లో నన్ను ఎవరో చూశారు. నిలబడితే ఎలా ఉంటానో, బ్యాగు ఏ భుజానికి వేసుకుంటానో తీరిగ్గా చూశారు. అయినా తెలిసినవాళ్ళ పెళ్ళికి అదే వేసుకువెళ్ళాను, అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

తర్వాత కొన్నేళ్ళకు ఆ గొడవ మొదలైంది. లేడీస్ మీటింగులో ఒకామె, ఇంట్లో పాత జాకెట్టు కుట్లు విప్పుతుంటే లోపల వెంట్రుక కనిపించిందని చెప్పింది. ఇంకొకామె ఇంటికి పోయి తనదీ విప్పింది. అందులోనూ ఉంది. ఇక చూడండి, యేసయ్యా యేసయ్యా అంటూ అందరూ కత్తెరలు పట్టుకున్నారు. అన్నిట్లోనూ ఉంది. చేతబడి అన్నారు. హారో మేడమ్ మా సంసారాల మీద ఏదో చేయించిందన్నారు. ఒకామె పట్టు జాకెట్టును తోటలో బార్బెక్యూ మీద కాల్చి, పక్కింటి తెల్లాయన చేత తిట్లు తింది. పాస్టరమ్మగారు నూనె రాసి ప్రార్థన చేశారు. అందరూ మేడమ్‌కి ఫోన్లు చేసి శాపనార్థాలు పెట్టారు.

నాకూ భయం వేసింది, లేదనను. కానీ వాళ్ళు అసహ్యంతో నా ముందు పడేసిన జాకెట్లు చూస్తుంటే ఒక సంగతి తట్టింది. మొదట్లో కుట్టించినవాటిలో వెంట్రుకలు నల్లగా ఉన్నాయి. తర్వాతవాటిలో అక్కడక్కడా నెరిసినవి. ఈమధ్య కుట్టినవాటిలో దాదాపు అన్నీ తెల్లవే. పొడవు మాత్రం అదే. చేతబడికి పెట్టే వెంట్రుక ముసలిదవుతుందా? ఆ పైగదిలో ఒక ఆడమనిషి ఉంది, మేము గులాబీల పక్కనుంచి వస్తూ పోతూ ఉండగా అక్కడే కూర్చుని ముసలిదైపోతోంది. పోలీసులకు ఫోన్ చేద్దామంటే ఏం చెప్పను? జాకెట్టులో వెంట్రుక ఉంది, అది తెల్లబడింది అనా? మర్నాడు నాకు ఆఫ్. హారో రైలెక్కాను.

ఆ ఇంటి ముందు, బెల్ పక్కనే, బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. నిమ్మకాయలూ మిరపకాయలూ సరేసరి. బెల్ నొక్కగానే పైన చప్పుడు ఆగింది. తలుపు తీసిన మేడమ్ మొహంలో నెత్తురు లేదు. "ఈ జాకెట్టు భుజం దగ్గర పట్టేస్తోందండీ, కొలత తీసుకోవాలి," అంటూ లోపలికి వచ్చేశాను. "ఇలా ఇవ్వండి, నేను చూస్తా," అంది. నేను మెట్ల వైపు తిరిగి, గట్టిగా అరిచాను.

"అక్కా! పైనున్న అక్కా! కిందికి రా. నా భుజం నీకు తెలుసుగా, ఎడమది దిగి ఉంటది. వచ్చి కొలత తీసుకో."

మేడమ్ నా చెయ్యి పట్టుకుని గుసగుసగా, "పిలవకండి. అది మంచిది కాదు. దానికేవో వచ్చు," అంది. ఆమె చేతులు మంచులా ఉన్నాయి. పై మెట్టు కిర్రుమంది.

నేను పొడుగు జడ కోసం చూస్తున్నాను. వచ్చినామెకు జుట్టే లేదు. ఎక్కడికక్కడ కత్తెర పడి, ఆ పొద్దున్నే కత్తిరించినట్టు ఉంది. మెడలో టేపు, ఒట్టి కాళ్ళు. నా మొహం చూడలేదు, తిన్నగా నా భుజం చూస్తూ దిగి వచ్చింది. టేపు పెట్టింది. "దిగిందమ్మా ఇంకాత్త. బరువులెత్తకండి," అంది. గోదావరి యాస. ఆ ఇంట్లో ఎండ పడక పాలిపోయిన ఆ వేళ్ళు నా భుజం మీద ఉండగా, "నాతో వస్తావా అక్కా?" అన్నాను.

ఆమె మేడమ్ వైపు తిరిగింది. మేడమ్ వెనక్కి వెనక్కి జరిగి, కోట్లు తగిలించే గోడకు ఆనుకుంది. "మీ జాకెట్లల్లో కూడా ఉన్నాయండి," అంది అక్క నెమ్మదిగా. "అన్నిట్లోనూ పెట్టేనండి." మేడమ్ రెండు చేతులతోనూ తన ఒంటి మీది జాకెట్టునే పట్టుకుంది, పీక్కోవాలో దాచుకోవాలో తెలియనట్టు. మమ్మల్ని ఆపలేదు. గుమ్మం దగ్గర మాత్రం అక్కే ఆగిపోయింది. "ఇది దాటితే పోలీసులు పట్టుకుంటారంట గదమ్మా?" అంది. "పట్టుకుంటే ఇద్దర్నీ పట్టుకుంటారు, పద," అన్నాను. అక్కడున్న తోట చెప్పులు వేసుకుని గుమ్మం దాటింది.

రైల్లో నా పక్కన బిగుసుకుని కూర్చుంది. మధ్యలో ఒక స్టేషన్లో పట్టుచీర కట్టుకున్న ఒకావిడ ఎక్కింది, ఎక్కడికో ఫంక్షన్‌కి పోతున్నట్టుంది. అక్క ఆమె వీపు వైపే చూస్తూ నా చెవిలో, "అది నేను కుట్టిందేనమ్మా," అంది. "నాకంటే ముందే బయటికొచ్చేసింది." అప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

బానిసలు చరిత్ర పుస్తకాల్లో ఉంటారనుకునేదాన్ని. ఇంటిపనికని కువైట్ వెళ్ళిన మనిషిని, కుట్టుపని వచ్చని తెలిసి మేడమ్ బంధువులు ఈ దేశానికి దాటించి మేడమ్‌కి అప్పగించారు. పాస్‌పోర్టు లాక్కున్నారు, రాత్రిళ్ళు గదికి తాళం వేసేవాళ్ళు, జీతం మాటే లేదు. గిరాకీలు వచ్చినప్పుడు మాత్రం మెట్ల పక్క కమ్మీల సందులోంచి మమ్మల్ని చూసి కొలత పట్టుకోవాలి. ఫోన్లు రావడం మొదలయ్యాక మేడమ్ ఆమె జుట్టు కత్తిరించి ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టింది. పారేయడానికీ భయమే, కాల్చడానికీ భయమే. తర్వాత పోలీసులు, సాయం చేసే సంస్థవాళ్ళు, సొలిసిటర్లు అందరూ వచ్చారు. న్యాయం ఆలస్యంగానైనా కొంత జరిగింది. ఆ సంచి మాత్రం ఏమైందో ఎవరికీ తెలియదు.

"చేతబడి నిజంగా వచ్చా అక్కా?" అని ఒకసారి అడిగాను. పడీపడీ నవ్వింది. "అదే వత్తే ఆ గదిలో అన్నాళ్ళు కూకుంటానేటి సెల్లీ? నేనెలాగూ బయటికెళ్ళలేను. నాదేదోటి ఎల్లాలనిపించింది. మీరు ఆ జాకెట్లేసుకుని పెళ్ళిళ్ళకీ సర్చికీ ఎల్తారు గదా, అదీ ఎల్తాదని."

ఈస్ట్ హామ్‌లో ఒక కూరగాయల కొట్టు పైన ఆమెకు గది దొరికింది. జుట్టు మళ్ళీ పెరిగింది, పూర్తిగా తెల్లగా. సొంత గది, సొంత మిషను, తాళంచెవి ఆమె కొంగుకే. అయినా నేను కింద బెల్ కొడితే పైన చప్పుడు ఠక్కున ఆగిపోయేది. మెట్లెక్కి చూస్తే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊపిరి బిగబట్టి ఉండేది. "నేనే అక్కా," అన్నాకే కదిలేది. ఏళ్ళ తరబడి అంతే. ఆమె మాతో నవ్వేది, మా పిల్లను ఆడించేది, కాలు మాత్రం ఇంకా హారోలోనే ఉండేది. ఒక సాయంత్రం బెల్ కొట్టాను. చప్పుడు ఆగలేదు. మళ్ళీ కొట్టాను. పైనుంచి, మిషను చప్పుడు మీదుగా, "ఉండు సెల్లీ, ఈ కుట్టు అవనీ!" అని కేక వినిపించింది. నేను చినుకుల్లో తడుస్తూ, ఆనందం పట్టలేక ఇంకోసారి బెల్ కొట్టాను.

ఇప్పుడా మిషను మా ఇంట్లో ఉంది. పచ్చ జాకెట్టును అప్పట్లో విప్పడానికి మనసొప్పలేదు, అంత బాగా కుట్టినదాన్ని. ఆదివారం ఆ వెంట్రుకను తీసి కిటికీ గట్టు మీద పెట్టి, కిటికీ రెక్క కాస్త తెరిచి, వదులు చేసిన కుట్టు మిషను మీద వేస్తున్నాను. డెలివరీ అబ్బాయి కాబోలు, బెల్ కొట్టాడు. నా కాలు ఆగిపోయింది. నేను ఆపలేదు, దానంతటదే ఆగింది. ఇంట్లో ఎవరో ఊపిరి బిగబట్టినట్టయింది. మా అమ్మాయి కూడా తలెత్తి నా కాలు వంకే చూసింది. నేను మళ్ళీ తొక్కడం మొదలుపెట్టి, తెలుగులోనే అరిచాను, "ఉండు బాబూ, ఈ కుట్టు అవనీ!"

కుట్టు పూర్తి చేసి, పార్సెల్ తీసుకుని వచ్చేసరికి గట్టు మీద వెంట్రుక లేదు. నేను వెతకలేదు. అక్క తల ముగ్గుబుట్టయి మట్టిలో కలిసిపోయింది, నా తల నెరుస్తోంది, ఆ ఒక్క వెంట్రుక మాత్రం ఇన్నేళ్ళూ నల్లగానే, బయటపడే రోజు కోసం నా చంక కింద కాచుకుని కూర్చుంది.