ఆ రేసులో ఓడింది నేను కాదు, మానిటర్

మా చిన్నప్పుడు ఎర్రగుంట్లలో కంప్యూటర్ మీద కారు రేసు ఆడాలంటే ముందు ఫ్రిజ్ ఆపాలి... తర్వాత ఫ్యాను. అదీ మే నెలలో! ఎందుకంటే కారు మలుపు తిరిగినప్పుడల్లా తెర మీద బొమ్మ అడ్డంగా చినిగిపోయేది. పైసగం రోడ్డు ఒక పక్కకు, కిందిసగం ఇంకో పక్కకు.

మా నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఆయన దృష్టిలో ఇంట్లో ఏది చెడినా కారణం ఒకటే... ఓల్టేజీ. "ఫ్యాక్టరీలో మిల్లు తిప్పుతాండారు. ఇంట్లో లోడు తగ్గించండి" అనేవాడు. ఆయన మాటకు ఎదురుందా! చెమటలు కక్కుతూ ఆడేవాళ్ళం. బొమ్మ మాత్రం చినుగుతూనే ఉండేది.

ఒక ఏడాది వేసవి సెలవుల్లో నాకూ అన్నకూ పందెం. ఒకరి తర్వాత ఒకరు ఆడాలి, తక్కువ టైంలో ముగించినవాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు బడి తెరిచేదాకా కంప్యూటర్ ముట్టకూడదు. అన్న ముందే ఆడేశాడు. నేను వాడికంటే బాగా ముందున్నాను... సరిగ్గా చివరి మలుపులో బొమ్మ రెండు ముక్కలైంది. కారు పోయి గోడను గుద్దింది.

"బొమ్మ చినిగిందిన్నా! మలుపు యాడుండాదో కనపడలే!"

"నాకు చినగలేదే? ఓడిపోయి సాకులు చెప్తాండావు" అన్నాడు అన్న.

నాన్న కూడా వాడి వైపే. "ఫ్యాను గూడా ఆపినాం కదమ్మా, ఇంగ ఓల్టేజీ తప్పు యాడుండాది?"

సెలవులన్నీ వాడి వెనక నిలబడి చూడటంతోనే సరిపోయింది. దానికంటే, నన్ను అబద్ధాలకోరును చేసినందుకు ఒళ్ళు మండింది. బడి తెరిచాక కూడా నేను ఆ కంప్యూటర్ ముందు కూర్చోలేదు.

మొన్న కల్లూరులో మా ఇంటికి, కూతురి పోరు పడలేక, కొత్త గేమింగ్ మానిటర్ తెచ్చాం. పిల్ల కారు రేసు ఆడుతుంటే మలుపు దగ్గర మళ్ళీ అదే చినుగు! నేను లేచి పోయి ఫ్రిజ్ ఆపేశాను. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఫ్రిజ్‌కు దీనికి ఏం సంబంధమ్మా? కంప్యూటర్ కొత్త బొమ్మ పంపేలోపే మానిటర్ తొందరపడతాంది. సగం పాతది, సగం కొత్తది చూపిస్తాంది. అంతే" అంటూ మెనూలో ఏదో సెట్టింగ్ ఆన్ చేసింది. ఇక కంప్యూటర్ వేగాన్ని బట్టి మానిటర్ తన వేగం మార్చుకుంటుందట. నిజంగానే రోడ్డు నున్నగా తిరిగింది. అంత మంచి సెట్టింగ్‌ను ఆఫ్‌లో పెట్టి ఎందుకు అమ్ముతారో మహానుభావులు!

వెంటనే కడపలో ఉన్న అన్నకు ఫోన్ చేశాను. "ఆ పొద్దు నేను అబద్ధం చెప్పలేదు. తప్పు మానిటర్‌ది."

"తెలుసులే మ్మే... ఆ పొద్దు నాకూ చినిగింది. ఒప్పుకుంటే మళ్ళీ ఆడి గెలిచేదానివి. అందుకే చెప్పలే."

ఇన్నేళ్ళు! ఇన్నేళ్ళు తెలిసి ఊరుకున్నాడు!

"అయితే ఆదివారం రా, తేల్చుకుందాం" అన్నాను.

"ఈ వయసులో ఆటలేంది మ్మే... టైం యాడుండాది" అని నవ్వి పెట్టేశాడు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి అన్నలుంటే కింద రాయండి, కలిసి తిట్టుకుందాం... ఇప్పుడు మా ఇంట్లో మంచి మానిటర్ ఉంది. నేను ఓడించాల్సిన మనిషికే తీరిక లేదు.