నాయినకు కంప్యూటర్ కొనబోయి

రిటైరయ్యాక డే ట్రేడింగ్ మొదలుపెట్టిన మా నాయినకు కొత్త కంప్యూటర్ కొందామని ఈ రోజు మచ్చ బొల్లారం నుంచి మేడ్చల్ వెళ్ళాం. నేను షాపాయనతో ప్రాసెసర్, ర్యామ్ గురించి మాట్లాడుతుంటే, నాయిన ఒక్కో మానిటర్‌కూ మొహం ఆనించి చూస్తున్నాడు.

“స్పీడ్ ఎందుకు బిడ్డా, నాకు అక్షరాలు పెద్దగ కనవడాలె. మొన్న షేర్లు అమ్మబోయి ఇంకిన్ని కొన్న. బటన్ మీద ఏం రాసుందో కనవడలే. ఇంట్ల ఎవ్వరికి చెప్పలే,” అన్నాడు మెల్లగా.

నేనిక ర్యామ్ ఊసెత్తలేదు. పెద్ద మానిటర్ ఒకటి తీసుకుని, అటు నుంచి అటే నాయినను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉన్నాయని, త్వరగా ఆపరేషన్ చేయించాలని చెప్పారు.

నాయిన, “మార్కెట్ బందున్న రోజు చేస్తరా సార్?” అని అడిగాడు.

డాక్టర్ నవ్వారు. నాకు మాత్రం నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. మీ ఇంట్లో నాన్నలూ ఇంతేనా?