టేపత్త మడతలు

టేపత్త మెళ్లోని కొలతల టేపు స్నానానికి తప్ప దిగదు. వీధి పిల్లలు ఆమెకా పేరు పెట్టింది అందుకే. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది, అర్థం కాలేదంటే విసుక్కుంటుంది. పిల్లల బట్టలు ఎవరివైనా సరే, అంచుల దగ్గర రెండు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుట్టాల్సిందే. "ఎదిగే పిల్లలమ్మా, వచ్చే ఏడు విప్పుకోవచ్చు" అంటుంది. కృష్ణాష్టమికి గుళ్లోని జానెడు బాలకృష్ణుడికి పట్టుచొక్కా కుట్టేదీ ఆమే. పోయినేడు కొత్తగా వచ్చిన కుర్రపూజారి ఆ చొక్కా తిరగేసి చూశాడు. "లోపల ఇంత గుడ్డేంటమ్మా? ఉబ్బెత్తుగా ఉంది, కత్తిరించెయ్యండి" అన్నాడు. టేపత్త కత్తెర తీసి మడత మీద ఆనించింది. ఎందుకో మళ్లీ పక్కన పెట్టేసింది. నోట్లో సూదులన్నీ ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"పిల్లాడి బట్టలు కదండీ, పంతులుగారూ."

"విగ్రహం ఎక్కడైనా ఎదుగుతుందా అమ్మా?"

"మరి ఏటేటా పుట్టినరోజెందుకు చేస్తున్నారు?"

ఆమె మాటలో వెటకారం లేదు, నిజంగానే అడిగింది. పూజారి చొక్కా అలాగే పట్టుకెళ్లాడు. ఈ ఏడు పండక్కి వారం ముందే వచ్చాడు. చేతిలో కొత్త గుడ్డ లేదు, పోయినేటి చొక్కాయే ఉంది. అది మిషను మీద పెట్టి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"కాస్త ఒళ్లు చేశాడమ్మా" అన్నాడు మెల్లగా. "మడత విప్పుతారా?"