మీసాలు పెట్టిన ఆర్థికవేత్త

1972లో బాన్సువాడలోని ఒక జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం లెక్చరర్‌గా చేరాను. ఈ సంగతి నేను చేరిన నాలుగేళ్లకు జరిగింది.

పెద్ద కొడప్‌గల్ దగ్గరి తండా నుంచి శాంతాబాయి అనే అమ్మాయి నా తరగతిలో చదివేది. మహా చురుకైన పిల్ల. ఒక రోజు వాళ్లన్న గోపాల్ ఆమెను వెంటబెట్టుకుని టి.సి. కోసం దరఖాస్తు పట్టుకొచ్చాడు. ముందు లైబ్రరీ పుస్తకాలు అప్పగించాలి, నేను నో డ్యూస్ మీద సంతకం చేయాలి, ఆ తర్వాతే ప్రిన్సిపాల్ గారు టి.సి. ఇస్తారు.

ఎందుకు మాన్పిస్తున్నావని అడిగాను. "గిది మగోళ్ల సదువు సార్. కుట్టుపని నేర్పిస్త. గోడమీద సూడుండ్రి, ఒక్క ఆడామె అన్న ఉన్నదా?" అన్నాడు.

మా గది గోడమీద ఆర్థికవేత్తల బొమ్మలు నేనే వేయించాను. అందరూ మగవాళ్లే.

శాంత ఏడుపు ఆపుకుంటూ లైబ్రరీ పుస్తకం నా బల్లమీద పెట్టింది. అసంపూర్ణ పోటీ సిద్ధాంతం రాసిన ఇంగ్లాండు ఆచార్యులది. ఇంగ్లీషు అలవాటవుతుందని నేనే ఇప్పించాను. "సార్, ఎనక అట్టమీద గీమె ఎవలు?" అంది.

అట్ట తిప్పి చూశాను. రచయిత ఫొటో! ఆడమనిషి! కుర్చీలోంచి ఎగిరి లేచాను. మా పాఠ్యపుస్తకంలో ఇంటిపేరు ఒక్కటే ఉండేది, ఈ పుస్తకం మీది పూర్తి పేరు నేను పట్టించుకోలేదు. గోడమీద బొమ్మకు ఫొటో దొరక్క, పెయింటరును మగమనిషిని వేయమన్నాను. అతను నిక్షేపంగా మీసాలు కూడా పెట్టాడు. సిగ్గేసింది కానీ, సంతోషం అంతకు రెట్టింపు. గోపాల్ చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్లాను.

"ఇగో, ఈ నాలుగో బొమ్మ ఆడామెదయ్యా!"

"ఏం రాసింది గామె?" అన్నాడు, నమ్మకం లేకుండానే.

నేను నోరు తెరిచేలోపే శాంత అందుకుంది. "పనికి పిలిచేటోడు ఒక్కడే ఉంటే, వాడు సెప్పిందే కూలి. మన పటేల్ లెక్క, అన్న."

గోపాల్ నా చేతిలోని పుస్తకం అందుకుని అట్టమీది ఫొటో చూశాడు. అతను కూలికి వెళ్లేది ఆ పటేల్ దగ్గరికే; తండా చుట్టుపక్కల పనిచ్చే భూస్వామి ఆయనొక్కడే.

"గంత దూరం ఉన్నామెకు మా పటేల్ సంగతెట్ల తెల్సింది సార్?"

సమాధానం కోసం ఆగలేదు. దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకుని, బస్సు టైమైందంటూ వెళ్లిపోయాడు.

శాంత కదల్లేదు. "గిసుంటి ఆడోళ్లు ఇంకెందరున్నరు సార్?"

తెలియదని చెప్పాను. సిద్ధాంతం చెప్పేముందు దాన్ని రాసిన మనిషెవరో చూసుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను, అప్పటికే నాలుగేళ్లు పాఠం చెప్పేశాక.